వాకిట్లో మంచు

సొరంగం క్యాంపు, మనాలి పైన
2001 డిసెంబరు

పెద్దమ్మ పాదాలకి గణేష్‌బాబు నమస్కారాలు.

నేనిక్కడ గడ్డకట్టకుండా క్షేమంగానే ఉన్నాను. నువ్వూ, పెదనాన్నగారూ, మన ఐసు ఫ్యాక్టరీ కూడా క్షేమమని తలుస్తాను. ఫోను చేద్దామంటే క్యాంపుకున్న ఒక్క లైనూ మంచు బరువుకి తెగింది. వేసవి దాకా ఉత్తరాలే గతి.

నువ్వు పంపిన ఫోటో అందింది. వెనకాల దుర్గాశ్రీ అని రాసింది ఎవరు? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఏమంటావని అడిగావు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలొక్కటే కాదు, అంతా నచ్చింది. ఇన్నాళ్ళూ ఏ సంబంధం చెప్పినా 'నీ ఇష్టం పెద్దమ్మా' అన్నాను కదా. ఈసారి నా ఇష్టం. ఎలాగైనా ఇది కుదర్చాలి.

రావులపాలెం వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నగారు శివరామకృష్ణగారు నా ఉద్యోగం సంగతి అడుగుతారు. జూనియర్ ఇంజనీరునని చెప్పు. ఈ నెల నుంచి నాకో పెద్ద బాధ్యత కూడా అప్పగించారు. మా ఆఫీసు దగ్గర్నుంచి మెయిన్‌రోడ్డు దాకా ఒక బాట ఉంది. దాన్ని డ్రైవ్‌వే అంటారు. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే వాకిలి అనుకో. రోజూ తెల్లారకుండా లేచి ఆ వాకిట్లో మంచు తీయడం నా డ్యూటీ. నేను తీస్తేగాని చీఫ్ ఇంజనీరుగారైనా గడప దాటలేరు. ఈ మాట కూడా వాళ్ళ చెవిన వెయ్యి, బాగుంటుంది.

ఇట్లు,
నీ గణేష్

తా.క. ఫోటో తిరిగి పంపమన్నావు. మంచుకి ఇక్కడ పోస్టు కదలడం లేదు. మరి ఈ ఉత్తరం ఎలా వచ్చిందని అడక్కు.

*

భీమవరం
2001 డిసెంబరు

చిరంజీవి గణేష్‌బాబుని పెద్దమ్మ అచ్చాయమ్మ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి నేను వంటింట్లో పీటమీద అలాగే కూర్చుండిపోయాను. పాలు పొంగిపోయాయి. వాకిలి ఊడ్చే పని చేయిస్తున్నారా నీచేత? మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టి పోయిన నాటినుంచి నీచేత తిన్న కంచం తీయించలేదు. పాలిటెక్నిక్ చదివించింది తెల్లారకుండా లేచి చీపురు పట్టడానికా నాయనా? పోనీ కష్టంలో ఉండి ఒప్పుకున్నావనుకో, దాన్ని ఎవరైనా పెద్ద బాధ్యత అని రాసుకుంటారా?

ఇంకో సంగతి. మంచుని తీయడమేంటి? మనకీ ధనుర్మాసంలో వాకిలంతా మంచు పడుతుంది. ఏడింటికి ఎండ పొడ తగిలితే దానంతటదే పోతుంది. మంచు పడితే తలకి మఫ్లరు కట్టుకుంటారు గాని, లేచి ఊడుస్తారా? నిన్ను అమాయకుణ్ణి చేసి ఎవరో ఆడిస్తున్నారు. మీ చీఫ్ ఇంజనీరుగారికి మోకాళ్ళ నొప్పులా, ఆ మాత్రం మంచులో నడవలేకపోవడానికి?

వచ్చే నెల మేమిద్దరం రావులపాలెం వెళ్తున్నాం. మంచి కుటుంబం, అరటి మార్కెట్లో మంచి పేరు. నీకింత నచ్చాక నేను ఊరుకుంటానా. కానీ వాకిలి మాట మాత్రం చస్తే ఎత్తను. వాళ్ళకి చెప్పుకోదగ్గ పని ఏదైనా చేస్తుంటే వెంటనే రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. ఎలాగూ తప్పదంటే నడుం వంచకుండా ఊడ్చుకో. పొడుగు కర్ర కట్టించి కొబ్బరి ఈనెల చీపురు పార్సిలు పంపుతున్నాను. మీ పెదనాన్నకి తెలీదు.

*

సొరంగం క్యాంపు
2001 డిసెంబరు

పెద్దమ్మకి నమస్కారాలతో గణేష్ రాస్తున్నది.

తప్పు నాదే, మంచు అని రాసి ఊరుకున్నాను. మన మంచు వేరు, ఇక్కడి మంచు వేరు. ఇది తెల్లగా పడి, పడింది పడ్డట్టే ఉంటుంది. మన ఫ్యాక్టరీలో దిమ్మని మరలో వేసి చేపల పెట్టెల కోసం పొడి కొడతామే, అచ్చం అలాంటిదే. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న బాట తెల్లారేసరికి ఉండదు. మోకాలి లోతు దిగబడుతుంది. ఎండ వచ్చినా పోదు, పైగా కాస్త కరిగి మళ్ళీ రాయిలా బిగుసుకుంటుంది. అందుకే మెత్తగా ఉన్నప్పుడే తోసెయ్యాలి.

ఇక చీపురూ లేదు, ఊడ్చేదీ లేదు. మాకో పికప్ వ్యాను ఉంది. అటు జీపూ కాదు, ఇటు లారీ కాదు, ముందు క్యాబిను, వెనక తొట్టి. దమ్ము చేశాక పలకతో మడి చదును చేస్తాం కదా, అలాంటి ఇనప పలక ఒకటి బండి ముక్కుకి బిగించాం. నేను లోపల హాయిగా కూర్చుని పలక దించి నెమ్మదిగా పోనిస్తాను. పలక కొంచెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మంచు ఒక పక్కకి దొర్లుకుంటూ లోయలోకి పోతుంది. మరీ పెద్ద బండి కాదు కదా, ఒకేసారి ఎక్కువ తొయ్యబోతే మొరాయిస్తుంది. కొంచెం తోసి, వెనక్కొచ్చి, మళ్ళీ తోస్తాను. వెనక తొట్టి ఖాళీగా ఉంటే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, అందుకని ఇసక బస్తాలు వేసుకుంటాను. ఇందులో నామోషీ ఏముంది? బండి మీద ఉంటాడని ధైర్యంగా చెప్పు.

పెద్దమ్మా, ఒక్కటే భయం. ఇంత దూరం పిల్లనివ్వలేమంటారేమో. ఆ మాట వస్తే ఏదో ఒకటి చెప్పి నిలబెట్టు. నేను నిజంగానే ఆశపడ్డాను.

ఇట్లు,
నీ గణేష్

తా.క. చీపురు చేరింది. బండి అద్దం మీద మంచు దులపడానికి బ్రహ్మాండంగా ఉంది. చీఫ్ ఇంజనీరుగారు తనకీ ఒకటి తెప్పించమన్నారు.

*

భీమవరం
2002 జనవరి

చిరంజీవి గణేష్‌బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ముందు మీ పెదనాన్న సంగతి రాయనీ. నీ ఉత్తరం చదివి వినిపించిన దగ్గర్నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు. కరెంటు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసి, ఒక్కో దిమ్మని ఊకలో పొదువుకుని కాపాడుకుంటుంటే, మీరు అంత ఐసుని బండి పెట్టి లోయలోకి తోసేస్తారా అంటారు. నీళ్ళు పోసింది ఎవరు, అచ్చులెక్కడివి అని నన్ను అడుగుతారు. నాకేం తెలుసు. ఉత్తినే వచ్చే సరుకు కదా, లారీకెత్తి పంపగలవేమో కనుక్కోమన్నారు. కనుక్కోకు, ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాను.

ఇక రావులపాలెం కబురు. ఎలా రాయాలో తెలియడం లేదు. మర్యాదకి లోటు లేదు, అరటికాయ బజ్జీలు కూడా పెట్టారు. శివరామకృష్ణగారు నెమ్మదస్తుడు. "అబ్బాయి ఏం చేస్తాడండి?" అన్నారు.

"పికప్ వ్యాను మీద ఉంటాడండి" అన్నాను, నువ్వు రాసినట్టే.

"బండిలో ఏం లోడేస్తాడండి?"

"ఇసక బస్తాలండి."

"ఎక్కడ దింపుతాడండి?"

"దింపడండి. ఎంతసేపైనా వాటితోనే తిరుగుతాడండి."

"పోనీ, ఎంత దూరం వెళ్తుంటాడండి?"

"మెయిన్‌రోడ్డు దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తాడండి. మళ్ళీ వెళ్తాడండి."

"మా గెలల బండ్ల డ్రైవర్లే నయమండి, సరుకు దింపేసి వస్తారు" అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. మావాడు డ్రైవరు కాదండీ, ఇంజనీరు, తెల్లారకుండా లేచి అందరికీ వాకిలి బాగుచేసే డ్యూటీ వాడిది అని గట్టిగా అనేశాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. చస్తే ఎత్తనన్న మాట నా నోటితోనే వచ్చింది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మీ పెదనాన్న బజ్జీ కంచంలో పెట్టేశారు.

సర్దుదామని, ఊడవడండీ, బండితోనే తోస్తాడండీ అని ఎంతగానో చెప్పాను. ఎంత చెప్తే అంత అతుకుల బొంత అయింది. ఆలోచించుకుని కబురు పెడతామన్నారు. ఆ మాటకి అర్థం నీకు తెలుసు, నాకు తెలుసు. చేతులారా చెడగొట్టానని దిగులుగా ఉంది నాయనా.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. కబురు రానే వచ్చింది. పిల్ల ఫోటో వెనక్కి పంపమన్నారు.

*

సొరంగం క్యాంపు
2002 ఫిబ్రవరి

పెద్దమ్మకి గణేష్ నమస్కారాలు.

నువ్వు దిగులు పడకు. నీ స్థానంలో ఎవరున్నా అంతే. నా ఉద్యోగం చెప్పబోతే నాకే నవ్వొస్తుంది, విన్నవాళ్ళకి రాదా? ఇక్కడ మా వంటవాడు చిట్టియ్య మన కొత్తపేట వాడే, వాడు కూడా వాళ్ళింటికి ఉత్తరంలో 'మా సారు పొద్దున్నే మంచు దున్నుతాడు' అని రాశాడట. ఏం పంట వేస్తారని వాళ్ళు తిరిగి రాశారు.

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. చీఫ్ ఇంజనీరుగారి దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పుకున్నాను. ఆయన జాలిపడి శివరామకృష్ణగారి పేరున ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిచ్చారు. గణేష్‌బాబు మా డ్రైవ్‌వే ఇన్‌ఛార్జి, అతను లేకపోతే క్యాంపే లేదు అని. దాన్ని నేరుగా రావులపాలెం పంపించాను. ఆయనకి ఇప్పుడైనా నమ్మకం కుదరాలి.

నిన్న పొద్దున బాట తీస్తుంటే ఒకటనిపించింది. నేను తీసిన ఈ బాట పట్టుకుని దిగితే మెయిన్‌రోడ్డు, అది పట్టుకుపోతే ఎప్పటికో ఒకప్పటికి రావులపాలెం వస్తుంది కదా. బండిలో ఒక్కణ్ణే కూర్చుని కాసేపు బెంగపడ్డాను. ఎదురుగా గుట్ట పడిన మంచుని చూసుకోలేదు, పలక వంగింది. దానికి సంజాయిషీ రాసుకుంటున్నాను.

ఇట్లు,
నీ గణేష్

తా.క. ఫోటో పంపలేను. మంచులో పడిపోయిందని చెప్పు. పడలేదు.

*

భీమవరం
2002 ఫిబ్రవరి

చిరంజీవి గణేష్‌బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు. దుర్గాశ్రీని నీకిస్తున్నారు. ఇది ముందే రాయకపోతే ఉత్తరం చించేస్తావని రాశాను. ఇప్పుడు నెమ్మదిగా చదువుకో.

ఫోటో పోయిందని చెప్పి క్షమించమందామని నేనే రావులపాలెం వెళ్ళాను. పొద్దున్నే మొదటి బస్సుకి దిగి వాళ్ళ సందు మలుపు తిరిగేసరికి ఏం చూశాననుకున్నావు. శివరామకృష్ణగారు పంచె ఎగ్గట్టి వాకిలి ఊడుస్తున్నారు. చీపురు పట్టడం రాదు పాపం, దుమ్మంతా మొహాన కొట్టుకుంటోంది. నన్ను చూసి చీపురు వెనక దాచుకున్నారు. "అబ్బాయిని తొందరగా రమ్మనండి, నా వల్ల కావట్లేదండి" అన్నారు.

మీ చీఫ్ ఇంజనీరుగారి ఉత్తరం ఏమీ ఒరగబెట్టలేదు. డ్రైవ్‌వే అన్న ముక్క చూసి, చెప్పానా, డ్రైవరే అని కూతురి చేతికిచ్చారట. ఒరగబెట్టింది ఆరోజు నేను జారిన మాట. నేను మాట్లాడినదంతా ఆ పిల్ల వంటింట్లోంచి వింది. మర్నాటినుంచి వాకిలి ఊడవడం మానేసింది. ఎందుకని తండ్రి అడిగితే, ఆ అబ్బాయికి ఇస్తానంటే ఊడుస్తాను అందట. ముందు చెత్త పేరుకుంది, తర్వాత వీధివాళ్ళు అడగడం మొదలెట్టారు, చివరికి ఆయనే దిగారు.

పిల్ల నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఈ వాకిలి నేనే ఊడుస్తున్నానండి. జ్వరమొచ్చినా నేనే, పరీక్షలున్నా నేనే. మా ఇంట్లో మగాళ్ళకి చీపురు ఏ మూలనుంటుందో తెలీదండి. ఇంజనీరు చదివి కూడా అందరికంటే ముందు లేచి పదిమంది నడిచే దారి బాగుచేసే మనిషి ఉన్నాడని మీ నోట విన్నాక, ఇంకో సంబంధం చూడొద్దన్నానండి. దూరమైనా ఫర్వాలేదండి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మోసం చేయకూడదని, బండి నిజంగానే ఉందమ్మా, వాడు లోపల కూర్చునే ఉంటాడు అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "పరువు కోసం మీరలా చెప్పుకోనక్కర్లేదండి, నాకు తెలుసండి" అంది.

కాబట్టి నాయనా, బండి ఉందని నేను ఇంకెవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు. వైశాఖంలో ముహూర్తం. పిల్ల అక్కడికొచ్చి ఎలాగూ చూస్తుంది. ఈలోగా అప్పుడప్పుడు కిందికి దిగి, ఆ పొడుగు చీపురుతో నిజంగానే కాస్త ఊడ్చుకుంటూ ఉండు. ఆ పిల్ల మాట అబద్ధం కాకూడదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. ఆ పిల్ల అన్న మాటలు మీ పెదనాన్నకి పూసగుచ్చినట్టు చెప్పాను. పేపరు చదువుకుంటూ విన్నారు. ఇవాళ పొద్దున నేను లేచేసరికి మన వాకిలి ఊడ్చి ఉంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఇదే మొదలు. మూలల్లో చెత్త అలాగే ఉంది. మళ్ళీ ఊడవకుండా ముగ్గేసుకున్నాను.