ఖాజీ అడిగిన మాట

సహం, ఒమన్
14-2-1993

శాంతమ్మ పెద్దమ్మకు దండాలు.

మల్లేశం ఎట్లా చనిపోయాడో కంపెనీ వాళ్లు నీకు సరిగా చెప్పలేదు. సైట్‌లో నీళ్ల డ్రమ్ము దగ్గర వరుస కోసం గొడవైంది. మా రూమ్‌లో ఉండే గంగాప్రసాద్ పార ఎత్తి అతని తల మీద మూడుసార్లు కొట్టాడు. తల పగిలి అక్కడే ప్రాణం పోయింది. నేను కళ్లారా చూశాను.

నిన్న కోర్టులో అదే చెప్పాను. ఇక్కడ జడ్జిని ఖాజీ అంటారు. గంగాప్రసాద్‌ను చంపాలో క్షమించాలో తల్లివైన నువ్వే చెప్పాలట. మా మేనేజర్ లేచి, ఆమెకు చదువు రాదు, క్షమించిందని మేమే రాసిస్తామన్నాడు. ముసలి ఖాజీ బల్ల మీద గట్టిగా చరిచాడు. ఆయన అరబ్బీ మాటలను, కోర్టులో తర్జుమా చేసే కడప నిసార్ అహ్మద్ తన యాసలో మాకు తెలుగులో చెప్పాడు.

"నాకు పదేండ్లప్పుడు మా నాయన్ను పొడిచి సంపినారు. మాయమ్మను అడగకుండా మా చిన్నాయన క్షమించేసినాడు. ఆ సంపినోడు దినామూ మా వాకిట్లోనే నడిచిపోతాండె. మాయమ్మ సచ్చేదాకా గడప దాటలే. అందుకే నేను ఖాజీనైతి. ఇరవై ఏడేండ్లుగా సంపిన కేసుల్లో సచ్చినోని తల్లి మాట వినకుండా ఒక్క తీర్పూ రాయలే."

గంగాప్రసాద్ తన తరఫున నీకు రాయమని ఏడ్చాడు. నేను రాయను. జవాబు నువ్వే చెప్పి రాయించి, వేలిముద్ర వేసి పంపు.

పెద్దమ్మా, కోర్టులో ఎవరూ అడగనిది ఒకటుంది. రెండో దెబ్బ తర్వాత మల్లేశం నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను పోలేదు.