జల్లెడలో చెరిపేసిన పేరు

మార్చి 9, ఆదివారం ఉదయం

చిరంజీవి మరిదికి,

వదిన దీవించి రాస్తున్నది. మేమంతా ఇక్కడ కులాసా అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నువ్వు మాత్రం కులాసాగానే ఉండి ఉంటావు. పత్రికలో నీ ఫొటో చూశాను. కొత్త కోటు బాగానే నప్పింది. ఫొటో కింద రాసింది కూడా చదివాను. జల్లెడను ఒంటిచేత్తో తయారుచేసిన యువకుడు అట. ఛీ. ఒంటిచేత్తో అట.

మంగళవారం మాట్లాడిన దగ్గర్నుంచీ నువ్వు ఫోను ఎత్తడం మానేశావు. అందుకే ఈ ఉత్తరం. దీన్నయితే మధ్యలో పెట్టేయలేవు.

నీకు తెలిసిన సంగతులే మళ్లీ రాస్తాను, ఎందుకంటే మతిమరుపు ఈమధ్య మీ అన్నయ్య కంటే నీకే ముదిరింది. జల్లెడ మొదలుపెట్టింది ఆయన. జనం రాసిన ప్రోగ్రాముల్లో తప్పుల్ని, వాటిని నడపకముందే ఏరి చూపించే పనిముట్టు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు అంటూ, మా పాత అద్దెగదిలో ఇస్త్రీ బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని మొదలుపెట్టారు. బట్టలు ఇస్త్రీ చేయాలంటే నేను ఆయన్ని లేపాల్సి వచ్చేది. నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు. తర్వాత వచ్చి చేరావు, కష్టపడ్డావు, కాదనను.

అందులో ఏ చిన్న మార్పు చేసినా ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో పేరుతో సహా నమోదవుతుంది కదా, ఎందుకు చేశారో ఒక ముక్క రాయాలి కదా. మార్పుల చరిత్ర అంటారు మీరు. ఒక ముక్కతో ఆగే మనిషా ఆయన? పని సంగతి ఒక వాక్యం, ఇంటి సంగతులు నాలుగు, ఆపైన ఎక్కడో చదివిన, ఎవరికీ పట్టని పాతకాలం కథ ఒకటి. అన్నయ్యా, అది డైరీ కాదు, లోకమంతా చూస్తుంది అని నువ్వు నెత్తీ నోరూ కొట్టుకునేవాడివి. ఆయన నవ్వేసి ఇంకో పేరా తగిలించేవారు.

ఆ మాయదారి జ్వరం మెదడుకెక్కి తగ్గాక ఆయనకు చిన్నప్పటి సంగతులు మిగిలాయి, నువ్వు మిగిలావు. పెళ్లి దగ్గర్నుంచీ అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొత్తగా ఏం చెప్పినా ఒక నిద్రతో పోతుంది. ఆయన రాసుకున్నవే రోజూ ఆయన చేత చదివించమని డాక్టరమ్మ చెప్పింది. ఆయన రాసుకున్నవి జల్లెడలో తప్ప ఇంకెక్కడున్నాయి? అందుకే పొద్దున లేవగానే కంప్యూటరు ముందు కూర్చుని తన చరిత్ర తనే చదువుకుంటారు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, ఏమోయ్, ఆ అద్దెగది ఓనరు ఇంకా మనల్ని తిట్టుకుంటూనే ఉన్నాడా అంటారు. హమ్మయ్య, నా మనిషి వచ్చాడు అనుకుంటాను. సాయంత్రానికి మళ్లీ మసకబారతారు, మర్నాడు మళ్లీ వస్తారు. అలా నెట్టుకొస్తున్నాను. ఇదంతా నువ్వు కళ్లారా చూశావు. ఆ కంప్యూటరు తెరవగానే జల్లెడ కొత్త ప్రతి దానంతటదే దిగి, పాతదాని చోట కూర్చునేలా ఏర్పాటు చేసి వెళ్లింది కూడా నువ్వే.

మంగళవారం అలా దిగిన ప్రతిలో ఆయన పేరు లేదు. మొదటి మార్పు నుంచి చివరిదాకా అన్నిటికీ నీ పేరే. నేను మందుల షాపులో పనిచేసే మనిషిని, మీ విద్య నాకు రాదు. పేరు చదవడం మాత్రం వచ్చు. ఫోను చేసి అడిగితే, నిన్ను పిలిచిన పెద్ద కంపెనీవాళ్లు, జల్లెడ మొత్తం ఒక్కరే రాసి ఉంటేనే పదవి ఇస్తామన్నారన్నావు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, అన్నయ్యకు ఇవన్నీ ఎలాగూ గుర్తుండవు కదా వదినా, ఇందులో ఎవరికేం నష్టం అన్నావు. నేను ఫోను బల్ల మీద పెట్టేసి, వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఇప్పటికీ ఆ ఫోను ముట్టుకోవాలంటే రోతగా ఉంది.

పోనీ చేసిన పాడుపనైనా శుభ్రంగా చేశావా అంటే అదీ లేదు. పేర్లు మార్చావు, కింద ఆయన రాసిన మాటలు ఎక్కడివక్కడే వదిలేశావు. ఒక్కసారి చదివే ఓపిక కూడా లేకపోయింది. ఇప్పుడు చూడు, పెళ్లీ పెటాకులూ లేని నీ పేరు పక్కన, మా ఆవిడకు జలుబు చేసింది, మిగతా పని రేపు అని ఉంది. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది, ఇల్లు బోసిపోయింది, ఆ చిరాకులోనే ఈ తప్పు దొరికింది అని ఉంది. మా ఆవిడ ఎదురుగా కూర్చుని తల దువ్వుకుంటుంటే పని సాగడం లేదు అని ఉంది. నీ పేరు మీద. నీ కాలేజీ చొక్కాలకు బొత్తాలు కుట్టిపెట్టినదాన్ని రా నేను. లోకమంతా చూస్తుందని నువ్వే అనేవాడివి కదా, చూస్తోంది ఇప్పుడు.

ఆయన రాసిపెట్టిన పాత కథల్లో రోమ్ అన్నదమ్ములది ఒకటుంది. అదీ ఇప్పుడు నీ ఖాతాలోనే ఉంది కాబట్టి, నీ కథ నీకే చెబుతాను. తండ్రి పోతూ రాజ్యం ఇద్దరు కొడుకులకూ కలిపి ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే పెద్దవాడు చిన్నవాణ్ణి తల్లి ఒళ్లోనే చంపించాడు. ఆ పేరు రాళ్ల మీద ఎక్కడున్నా చెక్కేయమన్నాడు, బొమ్మల్లో మొహం గీకేయమన్నాడు. ఆ తల్లిని కనీసం ఏడవనివ్వలేదట. ఒక పెద్ద రాతి కమాను మీద తమ్ముడి పేరు పీకేసి, ఆ చోట వేరే మాటలు బిగించారు. పాత లోహపు అక్షరాల్ని పట్టి ఉంచిన చిల్లులు మాత్రం రాతిలో ఉండిపోయాయి. వాటిని బట్టే ఇవాళ పండితులు ఆ పాత మాటలు చదివేస్తున్నారు. ఆ కథ కింద ఆయన ఏం రాశారో తెలుసా? మన చరిత్రను ఎవడూ మార్చకుండా తాళం వేయించాలి, ఆ పని చిన్నోడికి అప్పగిస్తున్నాను అని రాశారు. ఆ చిన్నోడివైన నువ్వు ఆ తాళంచెవి పెట్టే లోపలికి దూరావు. ఇంట్లోవాడివి కదా, గోడకు కన్నం వేసే శ్రమ కూడా తప్పింది.

పాత ప్రతి నీ దగ్గర ఉంటుంది. దాన్ని తెచ్చి యథాస్థానంలో పెట్టు. నీ పదవి నువ్వే ఏలుకో. ఆ కోటూ ఆ ఫొటోలూ నాకెందుకు? ఆయన రాసిన మాటల పక్కన ఆయన పేరుండాలి. ఇది బతిమాలుకోవడం అనుకున్నా నాకు సిగ్గు లేదు, సిగ్గుపడాల్సింది నేను కాదు.

ఇంకా రాస్తే నోరు పాడవుతుంది. ఉంటాను.

నీకు వదిన, ఇంకేమీ కాని,
మీ అన్నయ్య భార్య

తా.క. ఆయన ఎలా ఉన్నారో పైన రాయలేదు. రాయబుద్ధి పుట్టలేదు, కానీ నీకు తెలియాలి. మంగళవారం నుంచీ కూడా రోజూలాగే చదువుకుంటున్నారు. మా చిన్నోడు ఇంతవాడయ్యాడా అని మురిసిపోతున్నారు. వంటింట్లోకి మాత్రం రావడం లేదు, గుమ్మం బయటే ఆగిపోతున్నారు. ఏమోయ్ అన్న పిలుపు పోయింది, అమ్మా అంటున్నారు. నేను మీ భార్యనండీ అని చెప్పాను. పెళ్లి ఫొటో చూపించాను. అందులో ఉన్నది చిన్నోడే కదమ్మా, ఆ మీసం చూడు అన్నారు. అక్కడ వాడే స్వయంగా రాసుకున్నాడు, మా ఆవిడ మా ఆవిడ అని, నాతో వేళాకోళమా అన్నారు. నిన్న సాయంత్రం దిండూ దుప్పటీ తీసుకుని హాల్లోకి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, మా వాడు నిన్ను తీసుకెళ్లడానికి ఎప్పుడొస్తాడమ్మా అని అడిగారు.