దుప్పికి చెక్క నునుపు చూపించనా?

తమ్ముడు లుద్జేర్‌కు అక్క దీవెనలు. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. తిట్లు మాత్రం రాయనంది, కాబట్టి అవి నువ్వే ఊహించుకో.

ఇన్నేళ్లకు మేన్ రాష్ట్రం వాళ్ల మూస్ దుప్పి వేట అనుమతుల లాటరీలో నా పేరు వచ్చింది. ఒక్క దుప్పి పడితే ఇంటిల్లిపాదికీ చలికాలమంతా మాంసమే. అందుకే నీ తుపాకుల కొట్లో కొత్త రైఫిల్ అడిగాను. నువ్వేమో "అక్కా, పాతదాని ముందు కొత్తవి దిగదుడుపే! ఈ చెక్క చూడు, ఈ నగిషీ చూడు!" అంటూ తాతలనాటిది అంటగట్టావు.

ఊళ్లో మగాళ్లంతా వచ్చి దాన్ని చంటిపిల్లను నిమిరినట్టు నిమిరి వెళ్లారు. గొట్టంలోకి చూసినవాడు ఒక్కడూ లేడు. నేను చూశాను. లోపలంతా తుప్పు పట్టి గుంటలు పడింది. తూటాలేవని అడిగితే మీ బావ ఒనెసీమ్, "అవి ఇప్పుడెవరూ తయారుచెయ్యడం లేదే, అయినా ఎంత అందంగా ఉందో!" అన్నాడు.

"అయితే దుప్పిని పిలిచి చెక్క నునుపు చూపించు. మురిసిపోయి అదే చస్తుంది" అన్నాను.

పాతవన్నీ దండగని నేననను. గొట్టం శుభ్రంగా ఉండి, తూటా దొరికితే పాతదీ మంచిదే. ఇది గోడకు మంచిది.

సోమవారం వేట మొదలు. శనివారంలోగా కొత్తది పంపు, నల్ల ప్లాస్టిక్ పిడిదైనా సరే. పంపకపోతే చలికాలమంతా మా భోజనాలు మీ ఇంట్లోనే. పెద్ద గిన్నెలు అటక మీంచి దించుకోమని నీ భార్య దెలీమాకు ఇప్పటికే కబురు పెట్టాను.

మీ అక్క