రావద్దని చెప్పలేకపోయాను

అక్కా,

ఈ ఏడు కూడా మార్కులు తగ్గితే మా బడి మూసేస్తామని ప్రభుత్వం హెచ్చరించింది. అందుకని, చదువులో వెనకబడిన పిల్లల్ని పరీక్ష రోజు రావద్దని చెప్పి రమ్మంది పెద్ద టీచరమ్మ. నేను మా తరగతిలో అందరికన్నా వెనకున్న పిల్ల ఇంటికి వెళ్లాను. గుమ్మంలో పెన్సిలు చెక్కుకుంటున్న ఆ పిల్ల, "నేనూ రాయొచ్చు కదా టీచర్?" అంది. కాదనడానికి నోరు రాలేదు. "తప్పకుండా రా తల్లీ" అనేశాను.

ఈరోజు వచ్చింది. తనిఖీ అధికారి ఎదురుగానే కూర్చుని రాసింది. పెద్ద టీచరమ్మ కిటికీలోంచి నా వంకే చూసింది. బడి మూతపడితే అందరి పొట్టా కొట్టినదాన్నవుతాను. బావగారికి మాత్రం ఇప్పుడే చెప్పకు.

వెళ్లేటప్పుడు ఆ పిల్ల, "అన్నీ రాసేశాను టీచర్!" అంది. ఎన్ని ఒప్పో అడిగే ధైర్యం లేక, తల నిమిరి పంపేశాను.

నీ చెల్లి