మొదటి వెలుగు నీ అరుగు మీదే

అన్నా,

నువ్వు పోయాక రాస్తున్న ఈ కాగితం నీకు చేరదని తెలుసు. అయినా చెప్పాలి.

సోలారు కరెంటు దాచే కొత్త బ్యాటరీని మన ఊరికి ప్రయోగంగా తెచ్చారు. లోపల సోడియం, గంధకం. సోడియం ఉప్పులోంచి తీస్తారట, గంధకం పెట్రోలు శుద్ధిలో మిగిలేదట, అందుకే చవక.

వదిన దూరంగానే నిలబడింది. "ఏటి మరిదీ, ఇదీ మనిషి కాలు కాల్సేదేనా?" అంది. ఊరి దీపం పాత బ్యాటరీని ఛార్జింగుకని నువ్వు కావడిలో ముంచింగిపుట్టు సంతకి మోస్తుంటే, యాసిడ్ ఒలికి నీ పిక్క కాలడం ఆమె మరిచిపోలేదు. ఇందులో యాసిడ్ లేదన్నాను. నమ్మలేదు.

తొలి బల్బు ఎవరింట్లో పెట్టాలని వాదన వచ్చింది. ఊరిపెద్ద కసిరాడు: "కొత్త పంట పోయిన పెద్దోలికి పెట్టకుండా మనం తింటామేటి? ఊరికి దీపం మోసినోడి ఇంట్లోనే ఎలగాల."

నీ అరుగు మీద కట్టాం. వదిన చాలాసేపు ఆగి స్విచ్ వేసింది. మూడు రోజులు ముసురు పట్టినా బల్బు వెలుగుతూనే ఉంది. నాలుగో రోజు వదిన నీ కావడిబద్ద తెచ్చి చిక్కుడుపాదుకి ఊతంగా పాతింది. "ఇంక దీనికేటి పని," అంది.

నువ్వు మోసుకొచ్చిన ఆ దీపం కిందే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు.