గంట తాడు

సెడ్జ్‌కోట్,
నవంబరు.

అమ్మకి టామ్సిన్ ముద్దులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, పక్కింటి మావిస్ అత్త, ఆమె పిల్లి. మిగతా ఇళ్ళవాళ్ళు శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోతారు. స్పెయిన్ ఎండకి నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందంటే సంతోషం.

నువ్వడిగినవి చెబుతాను. వీధి పంపుకి ఆకుపచ్చ రంగు వేశారు, నీళ్ళు మాత్రం రావు. హంస బొమ్మ పబ్బు ఇప్పుడు లండన్ వాళ్ళ ఇల్లు. బొమ్మ తీయలేదు కనక దారిన పోయేవాళ్ళు ఇంకా తలుపు తడుతూనే ఉన్నారు. యుద్ధంలో పోయినవాళ్ళ రాయి మీద మన ముత్తాత పేరుని నాచు కప్పేస్తే గీకాను. తాతయ్య సామాను సగం సర్దాను.

చర్చి గంట ఆయన పోయాక ఎవరూ కొట్టలేదు. ఎప్పుడో ఒక ఉన్ని వ్యాపారి పొగమంచులో, ఈ బురదనేలల్లో దారి తప్పి, ఆ గంట చప్పుడు పట్టుకుని ఊరు చేరాడని నువ్వే చెప్పేదానివి. మంచు పడ్డ ప్రతి సాయంత్రం గంట కొట్టే మనిషికి ఆ వ్యాపారి రాసిచ్చిన గంటచేనులో ఇప్పుడు తాతయ్య బాతులు కూడా లేవు. మావిస్ అత్తకి ఆ గంటంటే ఎప్పుడూ ఎగతాళే: "మీ తాత ఎవరికోసం కొట్టేవాడే? తప్పిపోడానికైనా మనుషులుండొద్దూ ఊళ్ళో!"

అమ్మా, అసలు సంగతి ఇంకా రాయలేదు. మంగళవారం ఎవరికీ చెప్పకుండా పెట్టె పట్టుకుని బయల్దేరాను. మాట్లాడే మనిషి లేక నా గొంతు నాకే కొత్తగా వినపడుతోంది, ఇక ఉండలేకపోయాను. పెద్దరోడ్డు మీద బస్సు అందుకోవాలని గట్టు దారి పట్టాను. సగం దారిలో మంచు కమ్మేసింది. గట్టేదో కాలవేదో తెలియలేదు. ఫోను పలకలేదు. ఒక బూటు బురదలో ఉండిపోయింది. అరిచాను. వినడానికి ఎవరున్నారు?

అప్పుడు గంట మోగింది. తాతయ్య కొట్టినట్టు కాదు. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ మోగుతూ. అటే నడిచాను.

చర్చిలో మావిస్ అత్త గంట తాడు పట్టుకుని వేలాడుతోంది. ఆమె కుడిభుజం లేవదని నీకు తెలుసుగా.

"మీ కిటికీలో దీపం కనపళ్ళేదు," అంది రొప్పుతూ. తరవాత పెట్టెకేసి చూసింది. "ఇంత సామానేసుకుని షికారుకెళ్ళావా?"

"బస్సుకి, అత్తా."

"చెప్పి ఏడవచ్చుగా! ఈ గంట కొట్టేదాన్నే కాదు. భుజం ఊడొచ్చింది."

వాళ్ళింటికి తీసికెళ్ళి టీ ఇచ్చింది. నన్ను సాగనంపుతూ, "రేపుందిగా బస్సు," అంది, నా మొహం చూడకుండా.

మర్నాడు వెళ్ళలేదు. ఇవాళా వెళ్ళలేదు. వసంతం దాకా తాతయ్య ఇల్లు అమ్మకానికి పెట్టకు. ఉండిపోతానని మాటివ్వను, నా సంగతి నీకు తెలుసు. కానీ కాలవ మీంచి మంచు లేస్తోంది. మావిస్ అత్త పిల్లిని వెతుక్కుంటూ గట్టువైపు వెళ్ళింది, ఇంకా రాలేదు. ఉత్తరం ఆపి, తాడు దగ్గరికి వెళ్తున్నాను.

ఇట్లు,
నీ కూతురు
టామ్సిన్