బావ కోటుకు మోగిన చప్పట్లు

ఝపటాపూర్, 17-12-1991

అప్పా, కంగారు పడకు, పోయిన బావ పేరు నిలబెట్టాం.

డెబ్భై ఒకటి యుద్ధం చివరి రోజుల మీద మా రైల్వే వర్క్‌షాపువాళ్లం నిన్న నాటకం వేశాం. ఇంజన్ దీపం ఆర్పి మిలటరీ రైలు నడిపిన బావ వేషం నాదే; నువ్వు పంపిన ఆయన కోటే తొడుక్కున్నాను. యుద్ధం ముగిసిందని చివర్లో సైరన్ మోగించాం. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన జనం, అది షిఫ్టు వదిలే సైరన్ అన్నట్టు అలవాటుగా క్యారేజీలు పట్టుకుని లేచిపోయారు! అప్పుడు బావ ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన ఎర్రయ్య, "ఏటి, ఎల్లిపోతన్నారా? లేసినోలు లేసినట్టే ఉండి మా డ్రైవరుకి సప్పట్లు కొట్టండి!" అని అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. చప్పట్లకు పైన రేకులు అదిరాయి.

చింతపండు నిండుకుంది, పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు. కోటు ఇప్పుడే పంపను. బావకు పక్కనే హిజ్లీలో ఇంకో ఆట ఉంది.

నీ తమ్ముడు
పైడిరాజు